ఎన్ని పోగులు?

కాజీపేటల బదిలీ అయిపోతున్న రైల్వే గార్డు ఒకాయన
సామాను తగ్గించుకుంట
ఆంప్లిఫైయరూ, జోడు స్పీకర్లూ నాకు అమ్మిండు.
వైరు మాత్రం ఇయ్యలేదు.
ఎలుకలు కొరికినయి, నువ్వే కొనుక్కో అన్నడు.

కొత్తవాడల మా ఇల్లు రైలుపెట్టె లెక్క పొడుగు.
మగ్గం గుంట పూడ్చి గచ్చు చేసిన జాగల
బల్ల వేసి పెట్టిన.
ఎడమ స్పీకరు పక్కనే.
కుడిది తలుపు దాటి, బియ్యం డ్రమ్ము దాటి, అవతలి గోడకు.
టేపు దొరకలేదు.
మా ఓదెమ్మత్త జంపఖానా దారంతో కొలిచింది.
ఎడమకు నాలుగు మూరలు, కుడికి పద్దెనిమిది.
ముడి వేసి నా జేబుల పెట్టింది:
"మూరెడు ఎక్కువే తే. మూలలు తిరుగుడు దారానికి తెల్వది."

జె.పి.ఎన్. రోడ్డు దుకాణపాయన
మూడు చుట్టలు ముందర పెట్టిండు.
ఒకటి సన్నది, ఎర్రది నల్లది పేనింది,
పెండ్లి పందిట్ల లైట్లకు కట్టేది.
ఒకటి లావుది, అద్దంలాంటి తొడుగుల నిగనిగ.
మూడోది పెట్టెల ఉన్నది.
పట్టుచీర మడత విప్పినట్టు తెరిచిండు:
"ఆక్సిజన్ లేని రాగి సార్. మీటరు తొమ్మిది వందలు."
నంబర్లు అడిగిన.
ఇరవై రెండు, పద్నాలుగు, పదహారు.
ఇరవై రెండే పెద్దది కదా అని
సన్నదాని మీద చెయ్యి వేసిన.
ఆయన మొఖం చూసి తీసేసిన.
జానెడు జానెడు ముక్కలు అడుక్కోని ఇంటికొచ్చిన.

అత్త నవ్వు ఆపలేదు.
"నూలు ఇంట్ల పుట్టి నంబరు తెల్వదారా?
పది నంబరు జంపఖానాకు, ఎనభై నంబరు చీరెకు.
నంబరు పెరిగితే పోగు సన్నబడ్తది.
పద్దెనిమిది మూరలు నడవాల్నంటే
బక్కదాన్ని తోల్తవా?"

లావుదాని తొడుగు పంటితో ఒలిచింది.
నలభై ఏండ్లు కండెలు చుట్టిన వేళ్లు
పురి విప్పి పోగులు పరిచినయి.
"లావున్నది గని బరువు లేదు."
అగ్గిపుల్ల గీసింది.
నూలైతే బూడిదైతది, పాలిస్టరైతే గోలీ అయితది,
బజార్ల కల్తీని ఆమె పట్టేది గట్లనే.
రాగి రంగు పోగు కొన తెల్లగ వంగి
చుక్కై రాలింది.
పైన పటారం, అంతే.

పెట్టెలది వంగలేదు, ఎర్రగ అయి నిలబడ్డది.
"ఇది మంచిదే. తొమ్మిది వందలు దేనికి?"
ఆక్సిజన్ లేదంట అత్తా.
"ఊపిరి లేకుంట ఎట్ల పాడ్తది?"

పోచమ్మమైదాన్ దగ్గర కరెంటు సామాన్ల కొట్టుల
పెట్టె లేని రాగి దొరికింది.
పద్నాలుగు నంబరు, మీటరు ఎనభై.
ఎన్ని పోగులని అడిగితే
కొట్టాయన ఇద్దర్ని పిలిచి లెక్కపెట్టించిండు.

ఆ రాత్రి ఒగ్గుకథ క్యాసెట్టు వేసినం.
ఎడమది నేను కట్టిన, కుడిది అత్త.
గొంతు వస్తున్నది, ఎక్కడి నుంచో తెలుస్తలేదు.
డోలు నూనె డబ్బా లెక్క మోగుతున్నది.
వెనకకు పోయి చూస్తే
కుడిదానికి ఎరుపు జాగల నలుపు, నలుపు జాగల ఎరుపు.

"కావాల్ననే కట్టిన" అన్నది.
"తొక్కుడు చెక్కల్ల ఒకటి దిగితే ఒకటి లేవద్దా?
రెండూ ఒక్కసారి దిగితే
నాడె ఎటు పోతది?"

ఎట్ల చెప్పాల్నో తెల్వక చాలాసేపు నిలబడ్డ.
ఈడ నాడె లేదత్తా.
ఈడ రెండూ కలిసే దిగాలె, కలిసే లేవాలె.
నమ్మలేదు.
నేను తిప్పి కట్టిన.

మగ్గాల చప్పుడు తిన్న చెవులు ఆమెవి,
సగం మాటలు పెదాల మీదనే చదువుతది.
చెప్పులిడిచి గుంట పూడ్చిన గచ్చు మీద
రెండు పాదాలు ఆనిచ్చి కూసున్నది.
డోలు మొదలైంది.
కాలి బొటనవేలు కదిలింది.
"ఆఁ," అన్నది, అంతకన్న ఏం అనలేదు.
క్యాసెట్టు రెండో దిక్కు తనే తిప్పింది.

మూరెడు వైరు మిగిలిందన్న సంగతి
పొద్దున కూరగాయల సంచి పట్టుకున్నంక తెలిసింది.
తెగిన పిడికి రాగి పోగులు,
పురి గట్టిగ.