దీపం కొండెక్కిన రాత్రి

ఈ దీవికి వెలుగిచ్చేది నేనే.
గొప్పకి చెప్పటం లేదు, ఉద్యోగం అది.
రేవు పక్కన రేకుల షెడ్డు, అందులో డీజిల్ జనరేటరు.
దానికి నూనె పోసి, తిట్టి, ఒక్కోసారి తన్ని
నూట అరవై గడపలకి కరెంటు పంపుతాను.

ఏప్రిల్ వచ్చిందంటే మాత్రం
నన్ను చీకటి అడుగుతారు.

అప్పుడే ఫర్దేలా పిల్లలు
కొండమీది బొరియల్లోంచి బయటికొస్తాయి.
పుట్టి మూణ్ణెల్లు, ఆకాశం మొహం ఎరగవు.
తల్లికన్నా బరువు, ఒళ్లంతా చేపనూనె కంపు.
తళతళలాడేదే సముద్రమని ఎవరు చెప్పారో,
ఆ ఒక్క మాట నమ్మి దూకుతాయి.

తళతళలాడింది మా ఫుట్‌బాల్ మైదానం.

చదును నేలమీద పడ్డ పిట్ట మళ్లీ లేవలేదు,
దానికి ఒక అంచు కావాలి, ఎదురుగాలి కావాలి.
తెల్లారేసరికి కుక్కలు.

ఫ్లడ్‌లైట్లు పెట్టిన మొదటి ఏడు నూట పన్నెండు.
బళ్లో లెక్కలు తప్పే యాస్నా
ఆ లెక్క తప్పలేదు.
గోనెసంచుల్లో మోసుకొచ్చి
పంచాయతీ గుమ్మం ముందు పరిచింది,
వరసకి పదేసి, చివర రెండు.

ఆ సాయంత్రం అరుపులే అరుపులు.
నొల్బెర్తో బల్ల గుద్దాడు:
పదేళ్లు అర్జీలు పెట్టి తెచ్చుకున్న లైట్లు!
ఫైనల్ మ్యాచ్ చీకట్లో ఆడమంటారా, పిట్టలకోసం?
నర్సు ఎర్మిందా లేచింది:
నా ఆసుపత్రి తీగ ముట్టుకుంటే మాత్రం ఊరుకోను.
అది న్యాయమే, రాసుకున్నాం.

అప్పుడు లేచాడు రొసామెల్ తాత.
గదిలో దగ్గు కూడా ఆగింది.
ఆయన చెయ్యి సంగతి అందరికీ తెలుసు.

వయసులో ఉన్నప్పుడు
భుజందాకా బొరియలో దూర్చి
రాత్రికి నలభై పిల్లల్ని లాగిన చెయ్యి అది.
ఉప్పులో ఊరేసి, కొవ్వు కరిగించి డబ్బాల్లో పోసి...
మేమంతా ఆ కొవ్వు తిని పెరిగినవాళ్లమే.
రెక్కాడితే గాని డొక్కాడని కొంపలు.
ఎవరి రెక్క అని
ఎవరూ అడగలేదు.

తాత చొక్కా చెయ్యి పైకి మడిచాడు.
మోచేతి దాకా ముక్కుల గాట్లు, తెల్లబడి.
"పది బొరియల్లో ఏడు ఖాళీ" అన్నాడు.
"మొన్న వెళ్లి చూశాను.
తియ్యడానికి కాదు. ఊరికే. అలవాటు."
కూర్చున్నాడు.
దాన్ని క్షమాపణ అనుకున్నవాళ్లు అనుకున్నారు.

ఇప్పుడు కొండమీద ఆయనా యాస్నా.
తాత బోర్లా పడుకుని, చెంప బురదకానించి
చెయ్యి లోపలికి పంపి కళ్లు మూసుకుంటాడు.
లేదు.
లేదు.
ఉంది.
ఉంది, కొరికింది.
కొరికినవాటికి నోటుపుస్తకంలో గడి లేదు.
అయినా యాస్నా రాస్తుంది.

ఫైనల్ మధ్యాహ్నం మూడింటికి ఆడారు.
రెండు, నాలుగు. ఓడిపోయాం.
ఎండ కళ్లల్లో కొట్టిందని నొల్బెర్తో
ఇప్పటికీ ఫర్దేలాల్ని తిడుతూనే ఉంటాడు.

తొమ్మిదికి మీట దించుతాను.
ఆసుపత్రి తీగ ఒక్కటీ బ్యాటరీల మీద.
దీపాలు కొండెక్కుతాయి.
కాసేపటికి
కొండ దిగుతాయి పిల్లలు.

ఇంజను చల్లారుతూ టిక్కు టిక్కుమంటుంది.
రేకుల పైనుంచి ఏదో పోతుంది,
తడిగుడ్డ విదిలించినట్టు,
మళ్లీ ఒకటి.
చీకట్లో నాకు లెక్క అందదు,
పొద్దున యాస్నా అడిగితే అబద్ధం చెప్పలేక నసుగుతాను.

నిన్న రాత్రి ఒక్క కిటికీలో కొవ్వొత్తి.
నొల్బెర్తో ఇల్లు. ఇంకెవరిది!
కోపంగా వెళ్లి తలుపు కొట్టాను.
తెరిచాడు, వేలు చప్పరిస్తూ,
చంకలో ఆపిల్ పళ్ల అట్టపెట్టె.
లోపల గరగరా గీకుడు.

"వేలికి కట్టుకోడానికి గుడ్డ వెతుకుతున్నా" అన్నాడు.
"పొయ్యి పక్కన పెడితే వెచ్చగా ఉంటుందా దీనికి,
వద్దా?"

వద్దన్నాను.
ఊది కొవ్వొత్తి కొండెక్కించాడు.