లెక్కకొచ్చే రోజులు

మూర్‌హెడ్ కాలేజీలో, మెట్ల కింద,
కాపీ మిషన్ పక్కన నా బల్ల.
మాజీ సైనికుల చదువు కాగితాలు చూసేది నేనే.
పదకొండేళ్లుగా ఒకటే పని:
మనుషులు బతికిన రోజుల్లోంచి
లెక్కకొచ్చే రోజుల్ని ఏరడం.

జనవరిలో ఓ మంగళవారం హార్లన్ క్విస్ట్ వచ్చాడు.
నలభై మూడేళ్లు. బూట్ల నిండా మంచు.
కాగితాలు తడవకుండా బ్రెడ్ సంచిలో చుట్టి తెచ్చాడు.
నేషనల్ గార్డులో పద్నాలుగేళ్లు, ట్రక్కుల మెకానిక్కు.
మోకాలు ఒప్పుకోక నవంబరులో బయటికొచ్చేశాడు.

నెలకో శనాదివారం కవాతుకెళ్లిన ఆ పద్నాలుగేళ్లు?
రావు.
మొదట్లో బూట్ క్యాంపు, తర్వాత ఇంజన్ల శిక్షణ?
మొత్తం సర్వీసు రెండేళ్లకు చేరితేనే. అవీ రావు.
కువైట్‌లో మూడు వందల రెండు రోజులు?
వస్తాయి. ప్రతి రోజూ వస్తుంది,
ఇసుక తుఫానులో ట్రక్కు కింద దూరి
కునుకు తీసిన మధ్యాహ్నంతో సహా.

మరి వరద, అన్నాడు.
ఆ మార్చిలో ఎర్రనది ఊరి మీదికొచ్చినప్పుడు
పంతొమ్మిది రాత్రులు ఇసుక బస్తాలు మోశాను కదా.
గడ్డకట్టి రాళ్లయిపోయేవి,
ఒకదాని మీద ఒకటి కుదురుకునేవి కావు.
మా అమ్మ ఇల్లు ఆ గట్టు వెనకే.

ఆ బస్తాల్లో కొన్ని నేనూ నింపాను,
హైస్కూలు జిమ్‌లో, చేతులు బొబ్బలెక్కేదాకా.
అది చెప్పలేదు.
ఆర్డరు మీద ఉన్నది గవర్నరు సంతకం,
రాష్ట్రం పిలిచిన పిలుపుకి దేశం ఖాతాలో చోటు లేదు.
అది చెప్పాను.

రెండూ ఇసకే కదండీ, అన్నాడు.

మొత్తానికి అరవై శాతం తేలింది.
ఫీజులో అరవై, అద్దె భత్యంలో అరవై, పుస్తకాల డబ్బులో అరవై.
ముప్పై ఆరు నెలలు.
తల ఊపి, సంచిలోంచి చివరి కాగితం తీశాడు.
అది సైన్యానిది కాదు,
కూతురు బ్రిట్టా మార్కుల షీటు.
ఇదంతా దాని పేరున రాసెయ్యండి అన్నాడు,
కారు తాళాలు అందించినంత తేలిగ్గా.

యూనిఫాంలో ఉండగానే అడగాలండి,
ఇంకో నాలుగేళ్లు ఉంటానని సంతకం పెట్టి మరీ.
ఎవరూ చెప్పలేదా?

చెప్పే ఉంటారు.
ఆఖర్లో ఓ పూటంతా కూర్చోబెట్టి స్లైడ్లు వేశారు.
నేను పార్కింగులో చల్లబడిపోతున్న బండి గురించి
ఆలోచిస్తూ కూర్చున్నాను.

కాపీ మిషన్ ఎవరిదో సిలబస్ నలభై సార్లు కక్కింది.

అంటే, అన్నాడు చివరికి, దీన్ని నేనే వాడుకోవాలా?
ఏదో నేరం ఒప్పుకోమన్నట్టు చూశాడు.
నాది వానాకాలం చదువండీ.
లెక్కల్లో తొమ్మిదో క్లాసు దగ్గరే మునిగిపోయాను.

ఏం చదువుతారు?
కిటికీ లేని గోడ వంక చాలాసేపు చూసి
నీళ్లు, అన్నాడు.
కుళాయిల్లోకి పంపే ముందు నీటిని శుభ్రం చేస్తారే, ఆ పని.
నదితో ఓసారి కొట్లాడాను,
ముఖపరిచయమైనా ఉంది.

ఫారాలు నింపేసరికి నాలుగున్నర. బయట దాదాపు చీకటి.

ఇప్పుడతనికి ప్రతి నెలాఖరునా ఫోనులో ఓ సందేశం వస్తుంది:
ఈ నెల కూడా చదువుతున్నారా? అవును, కాదు.
ఒక్క మాట పంపితే చాలు, డబ్బు పడుతుంది.
ఫిబ్రవరిలో హార్లన్ పంపిన జవాబు:
అవును, కానీ భిన్నాలు ఇంకా పట్టుబడలేదు,
రాత్రిళ్లు బ్రిట్టా చెబుతోంది, దానికి ఓపిక తక్కువ.

మీ జవాబు అర్థం కాలేదంది యంత్రం.
మళ్లీ ప్రయత్నించమంది.
నాకు ఫోన్ చేశాడు:
ఇందులో ఏది తీసెయ్యాలండీ?