తలలెన్ని?

యార్క్‌షైర్‌లో ఏప్రిలంటే బురదే.
బ్యాంకాయన బూట్లకి పాలిథీన్ సంచులు తొడుక్కుని
కొట్టం గుమ్మంలో ఆగాడు.
"తలలెన్ని, మిసెస్ థ్వెయిట్?"
"పంతొమ్మిది. కడుపులో ఉన్నవి లెక్కలోకి రావుగా?"

క్యాటిల్, పంతొమ్మిది, అని రాసుకున్నాడు.

ఆ మాట మొదట్లో పశువు కాదు.
నార్మన్ దొరల వెంట సముద్రం దాటి వచ్చినప్పుడు
మంచమూ అదే, కాగూ అదే,
ఇంట్లో కదిలే ఆస్తి ఏదైనా అదే.
మన ఉత్తరాంధ్రలో ఆవుల్ని సొమ్ములంటారే, అలాగ.
దాని తోబుట్టువు క్యాపిటల్ బ్యాంకులో కుదురుకుంది.
ఇదేమో పేడలో మిగిలిపోయింది.
ఇంకా లోతుకి తవ్వితే లాటిన్ మట్టిలో
ఇద్దరికీ ఒకటే వేరు:
తల.

"ఆ మూలదో?"
"హెఫర్. ఇంకా ఈనలేదు."
ఆ మాట ఎక్కడిదో
నిఘంటువులే తెలీదని చేతులెత్తేశాయి.
ధర గడి ఖాళీగా వదిలి
ఆయన పెన్ను మూశాడు.

కారు మలుపు తిరిగాక
హిల్డా థ్వెయిట్ తడిసిన గ్లౌజు లాగి జేబులో కుక్కుకుంది.
పెయ్య మెడ చాపింది.
"గోకాలా? సరే, రా"
అని నుదుటి సుడి దగ్గర
గోళ్లతో గోకుతూ నిలబడింది,
పాలు పితికే వేళ దాటిపోతున్నా.