పండ్లు కనబడేటట్టు

మా ఊరి బోరింగు నీళ్లు తియ్యగుండేటివి.
రంగు లేదు, వాసన లేదు.
తాగినోళ్లకు పదేండ్ల దాక ఏమీ తెల్వది.
పదో తరగతి హాల్‌టికెట్ ఫోటోకు
మర్రిగూడ స్టూడియోల స్టూలు మీద కూసుంటే
"నోరు మూసి నవ్వమ్మా" అన్నడు ఫోటో తీసెటాయన.
గంతే. అప్పట్నించి నోరు మూసే నవ్విన.

ఆ ఏడే ఇంకోటి గూడ మూసిన.
పత్తి ఏరవోయిన కాడ
ముందు సాలుల వంగిన పిల్ల మెడ మీద
చెమట జారుడు చూసి
చేతిల పత్తి చేతిల్నే ఉండిపోయింది.

తప్పని నన్ను కూసోబెట్టి ఎవ్వరు చెప్పలె.
గాజులామె ఎగతాళిల, పెండ్లిండ్ల ముచ్చట్లల,
హాస్టల్ల ఇద్దరు పిల్లల్ని పంపేసిన తెల్లారి
అందరు చిన్నగ నవ్విన నవ్వుల
చుక్క చుక్క తాగిన.
బొక్కలకు దిగింది.

దేవరకొండ డిపోల కండక్టర్ని.
మల్లేపల్లి, చింతపల్లి, మాల్.
ఎవరెక్కడ దిగాల్నో నాకు తెలుసు.

ముప్పై దాటంగనె నిద్ర పోయింది, మళ్ల రాలె.
ఆర్‌ఎంపీ బలం సూదులేసిండు.
అమ్మ జాన్‌పహాడ్ తీస్కపోయి తాయెత్తు కట్టించింది.
నల్లగొండ పెద్దాసుపత్రిల డాక్టరమ్మ మాత్రం
"దినాం ఎవరితోని మాట్లాడ్తవు సైదమ్మా?" అన్నది.
ప్యాసింజర్లతోని.
"చిల్లర గురించి గాక?"

ఆరుసార్లు పోయిన, మందులు తెచ్చుకున్న.
ఏడోసారి చెప్పిన,
ఆమెకు కాదు, గోడకున్న క్యాలెండర్‌కు.
ఇదేనా మేడం నా రోగం?
"నిద్ర లేకపోవుడు రోగం. దానికి మందిస్తున్న.
దీనికి మందెందుకు?"
బస్టాండుల కూసోని ఏడ్చిన,
రెండు బస్సులు పోనిచ్చి.

అండాలు నాంపల్లిల ఎక్కింది,
డబ్బా నిండ నీళ్ల సీసాలతోని.
లగేజీ కొట్టాలె అన్న.
"పరీక్షకు తీస్కపోయే నీళ్లకు టికెటేంది?"
కొట్లాడుకుంట నవ్వింది, గోధుమ గీతలున్న పండ్లు బయటపెట్టి.
ఏ ఊరో అడగనక్కర లేకపాయె.
టికెట్ కొట్టిన. మళ్ల వారం గూడ కొట్టిన.

ఇప్పుడు ఒక్కటే కిరాయి ఇల్లు. నల్లాల కృష్ణ నీళ్లు.
బొక్కలల్ల దిగింది మాత్రం అట్లనే ఉన్నది,
చలికాలం మెట్లెక్కితే తెలుస్తది.
కొన్ని రాత్రులు ఇప్పటికీ
అండాలు పక్కన పండుకొని గూడ
తలుపు గొళ్లెం రెండుసార్లు చూసొస్త.

మొన్న ఇంటి ఓనరమ్మ అడిగింది,
"మీరిద్దరు అక్కజెల్లెండ్లా?"
ఐదేండ్లు అవునన్న నోరు
"కాదు" అన్నది.
మిగిలింది చెప్పలె. ఆమె గూడ అడగలె.
కాదు దాక వచ్చిన,
ఈ ట్రిప్పుకు గంత దూరం.

రాత్రి డ్యూటీ దిగి ఈ ముచ్చట చెప్తే
అండాలు చాట పక్కన పెట్టి నవ్వింది.
నాకు గూడ వచ్చింది.
చెయ్యి నోటి మీదికి సగం దాక లేచింది,
దానికి అలవాటు.
కిందికి దించి
చాట ముందుకు గుంజుకొని
బియ్యంల రాళ్లేరిన, నవ్వుకుంటనే.