గోధుమరంగుకి మూడింతలు

బల్ల మీద పచ్చ ముఖ్మల్ గుడ్డ పరిచి
మత్తే రెండు గడియారాలు పెట్టాడు.
బయట లోక్ల్ ఊరంతా మంచు.
బస్సు చక్రాలకి గొలుసులు కట్టుకుని
మూలుగుతూ కొండెక్కుతోంది.

ఒకే కంపెనీ, ఒకే నమూనా, ఒకే ఉక్కు.
మూడేళ్ళ తేడా.
నేను పళ్ళ డాక్టర్ని,
చిన్న మచ్చల మీద బతికేవాణ్ణి.
నా భూతద్దం నేనే తెచ్చుకున్నాను.

మొదటిదానికి
బటన్లు సన్నగా, పుట్టగొడుగుల్లా.
అంచు మీది వేగం అంకెల్లో
నాలుగు నోరు తెరుచుకుని ఉంటుంది.
రెండోదానికి నాలుగు నోరు మూసుకుంది,
బటన్లు ఒళ్ళు చేశాయి,
నల్లగా ఉండాల్సిన మూడు బుల్లి డయళ్ళు మాత్రం
పొయ్యి మీద మరిచిపోయిన కాఫీ రంగుకి తిరిగాయి.

ఆరు నెలలుగా
కాగితం మధ్యలో గీత గీసి
అటొక వరస, ఇటొక వరస రాసుకుంటున్నాను.
ఒకటి ఎడమచేతికి, ఒకటి కుడిచేతికి కట్టుకుని
దీపం ఆర్పి పడుకో, అంది సొలాంజ్.

"ఎండకి అలా పండింది," అన్నాడు మత్తే.
"ఇలాంటివి నలభై మిగిలాయేమో భూమ్మీద.
అందుకే మూడింతలు."

ఆ రంగు నాకు తెలుసు.
రోజుకి పదిమంది నోళ్ళలో చూస్తాను.
అక్కడ దాన్ని తొలిచి పారేసి డబ్బు పుచ్చుకుంటాను.
ఇక్కడ అదే రంగుకి
ఒక కారంత డబ్బు ఎదురిచ్చి
నాడి మీద కట్టుకోబోతున్నాను.
నవ్వొచ్చింది.
భూతద్దం మాత్రం దించలేదు.

హీటరు పక్కన కూర్చున్నావిడ,
మత్తే పెద్దమ్మట, ఇవెట్ యుగ్నెన్,
చెవి మిషన్ బ్యాటరీ కోసం వచ్చిందట,
చెయ్యి చాపింది.
"ఇలా ఇవ్వు."
భూతద్దం అడగలేదు.
మూరెడు దూరంలో పెట్టుకుని, కళ్ళు చిట్లించి,
"ఎండా, నా మొహమా," అంది.

"అరవై ఎనిమిది మార్చి.
వార్నిష్ డబ్బా అడుగంటింది.
సరుకు శుక్రవారానికి పోవాలి.
ఫోర్‌మన్ పల్చన చెయ్యమన్నాడు, చేశాను.
వెళ్ళేటప్పుడు నల్లగానే వెళ్ళాయి.
ఏడాది తిరక్కుండా ఒక్కొక్కటే వెనక్కొచ్చాయి,
ఈ రంగులో, తిట్లు రాసిన ఉత్తరాలతో సహా.
కుళ్ళిన బంగాళాదుంప పంపారేమిటని
మిలాన్ నుంచి ఒకాయన.
ఆ నెల నా జీతంలో నలభై ఫ్రాంకులు కోశారు.
ఫోర్‌మన్‌కి కొయ్యలేదు."

మత్తే దగ్గాడు.
ధర చీటీని బోర్లా తిప్పాడు.

మరి ఏది తీసుకోమంటారు, అని అడిగాను,
సిగ్గులేకుండా.
"నాకేం తెలుసు, నేనెప్పుడూ కొనలేదుగా.
రెండిట్లోనూ పై బటన్ కరుచుకుపోయేది.
నూనె వేయించు."

మఫ్లర్ రెండు చుట్లు చుట్టుకుంది.
బ్యాటరీ పర్సులో వేసి, పర్సు ఒకసారి తట్టి చూసుకుని
తలుపు తోసుకుని వెళ్ళింది. చలి లోపలికొచ్చింది.

గోధుమరంగు దాని పై బటన్ నొక్కాను.
కరుచుకోలేదు.
సన్నటి ముల్లు బయల్దేరింది.
అద్దంలోంచి చూస్తున్నాను.
ఆవిడ కమ్మీ పట్టుకుని మెట్లు దిగింది,
మంచు తోసే బండికి దారిచ్చి ఆగింది,
ఏదో మరిచిపోయినట్టు ఇటు తిరిగి,
మరచిపోలేదని గుర్తొచ్చి
మళ్ళీ నడిచింది.
బస్సు తలుపు మూసుకుంది. నొక్కాను.
ఒక నిమిషం పద్నాలుగు సెకన్లు.

"అయితే?" అన్నాడు మత్తే.

కింది బటన్ నొక్కాను.
ముల్లు ఒక్క గెంతులో వెనక్కొచ్చి
సున్నాకి వెంట్రుకవాసి ఇవతల ఆగింది.

అది సరిచేయించొచ్చు, అన్నాడు.
ఎంత తగ్గిస్తావు, అన్నాను.