దీర్ఘం ఒక్కటే తేడా

ఆరు రోజులు ఆటోనగర్‌లో లారీలు తూస్తాను.
నిండు బండి, ఖాళీ బండి, తేడా.
చీటీ చింపి డ్రైవరు చేతిలో పెడతాను.
ఏడో రోజు పిల్లల్ని రాస్తాను.
మా కాటాకీ వీళ్ళ కటాకీ
దీర్ఘం ఒక్కటే తేడా అని
సింహాద్రి మాస్టారు ఏడాదికోసారి అంటాడు,
నేను ఏడాదికోసారి నవ్వుతాను.

గాజువాకలో, నిన్న రాత్రి పెళ్ళి జరిగిన హాలు.
ఎంత ఊడ్చినా చాపల అతుకుల్లో
తలంబ్రాల బియ్యం.
ఉత్తకాళ్ళకి గుచ్చుకుంటాయని
వంగి ఏరుతున్నాను. అదీ నా డ్యూటీయే,
ఎవరూ రాసివ్వలేదు గానీ.

జీతం లేదు. ఒక టోపీ, పులిహోర పొట్లం,
మెడలో అఫీషియల్ అని వేలాడే అట్టముక్క.
"మీ పాపది ఏ బెల్టండీ?" తల్లులడుగుతారు.
బ్రౌను దగ్గర మానేసింది, నాలుగేళ్ళయింది.
"మరి మీరు?"
నన్నెవరూ మానమనలేదు.

బల్ల దగ్గర మనిషికి నోరుండదు.
చప్పట్లు కొట్టకూడదు, అయ్యో అనకూడదు,
తెలిసిన పిల్లైతే కళ్ళతో కూడా పలకరించకూడదు.
ఒక చేతిలో స్టాప్‌వాచీ,
ఒక చేతిలో చెమటకి జారిపోయే పెన్ను.
ఈ ఊరి ఉక్కకి కాగితమే మెత్తబడిపోతుంది,
మనిషెంత.

హజిమే అంటే వదలాలి. యామే అంటే ఆపాలి.
ఆ రెండింటి మధ్య కాలం
నా బొటనవేలి కింద కప్పపిల్లలా కొట్టుకుంటుంది.

మూడు దాటాక
ముప్పై అయిదు కిలోల ఆడపిల్లల ఆఖరి పోటీ.
ఎర్ర బెల్టు, జాలరిపేట మైలపల్లి కావ్యాంజలి.
నీలం బెల్టు, కోటవీధి మెహనాజ్.
స్కోరుబోర్డు పొద్దుటే మొరాయించింది,
అంకెల అట్టలు తిప్పుతున్నాం.
రెండూ రెండూ. పదిహేను సెకన్లుంది.

ఇద్దరూ ఒక్కసారే దూకారు.
కావ్యాంజలి పిడికిలి ఆ పిల్ల పొట్ట మీద
ఆగీ ఆగనట్టు ఆగింది.
ఎర్ర జెండాలు లేచాయి. యుకో, ఒకటి.
నా చెయ్యి నీలంలో రాసింది.
నా చెయ్యే నీలం అట్ట తిప్పింది.

ఎందుకో తెలీదు.
హాలంతా అరుపులు. ఎర్ర కోచ్
పక్క చాప దగ్గర ఎవరితోనో వాదిస్తున్నాడు.
హజిమే అన్నారు, వేలు వదిలేసింది.

ఇసుక తడిపి తెస్తారు కొందరు, బరువు తూగాలని.
డ్రైవరు కళ్ళు చూస్తే చాలు నాకు.
నా కళ్ళు ఎవరు చూస్తారు?

లేచాను. కుర్చీ వెనక్కి పడింది. చెయ్యెత్తాను.
యామే.
పద్దెనిమిదేళ్ళ కాటాలో
ఇంతమంది కలిసి నన్నెప్పుడూ తూచలేదు.

కొట్టేసి రాశాను. ఎరుపు మూడు, నీలం రెండు.
మిగిలిన పదకొండు సెకన్లలో
ఎవరూ ఎవర్నీ తాకలేదు.
సింహాద్రి మాస్టారు వచ్చి
నా నీళ్ళసీసా మూత తీసి ముందు పెట్టాడు.
"మరేటి ఫర్లేదు" అన్నాడు. కుర్చీ నిలబెట్టాడు.

సర్టిఫికెట్ల మీద పేర్లు రాస్తుంటే
మెహనాజ్ వచ్చింది,
అమ్మ దుపట్టా కొంగుతో మొహం తుడుచుకుంటూ.
"ఆంటీ, మీరు లేవకపోతే నేనే కదా గెలిచేది?"
"అవునమ్మా."
కొట్టేసిన అంకె మీద వేలు పెట్టింది.
"ఇది నాదా?"
"కాదు. నా తప్పు."
"ఎంతసేపుంది నాకు?"
వాచీ చూడక్కర్లేదు. "నాలుగు సెకన్లు."
పెదాలతో లెక్కపెట్టుకుంది,
ఒకటి, రెండు, మూడు, నాలుగు.
"చాలాసేపే" అని వెళ్ళిపోయింది.

చాపలు చుట్టేసరికి చీకటి.
బస్సులో టిక్కెట్టు డబ్బుల కోసం జేబులో చెయ్యి పెడితే
పొద్దున ఏరిన బియ్యం, పసుపంటినవి.
పారెయ్యబుద్ధి కాలేదు.
రేపు మొదటి బండి ఆరున్నరకే.