మంచు మందం

మేఘం అన్నారు,
నెలకి అయిదు యూరోల అద్దెకి దొరికే మేఘం.
కిటికీలోంచి తలెత్తి చూశాను.
సైమా సరస్సు మీద నవంబరు
బూడిదరంగు దుప్పటి మడతపెట్టకుండా వదిలేసి ఉంది.
నా మేఘం అక్కడ లేదట.
ఎక్కడో ఊరవతల షెడ్డులో
ఫ్యాన్ల హోరు మధ్య ఒక ఇనప్పెట్టెలో
నాకో మూల ఇచ్చారట.
పర్వాలేదు. ముప్పయ్యేళ్ళు నేనూ
కొట్టు వెనక గదిలోనే కాపురం చేశాను.

నా పని చిన్నది.
రోజూ తెల్లారకముందే బర్మాతో మంచుకి కన్నం వేసి
కొలబద్ద దించి చూసి
కొట్టు ముందు నల్లబల్ల మీద సుద్దతో రాస్తాను:
పదకొండు సెంటీమీటర్లు. నడవొచ్చు. బండి వద్దు.
బల్లేమో ఈ ఒడ్డున,
నడవాల్సినవాళ్ళేమో ఆ ఒడ్డున.

అందుకే అరవై నాలుగో ఏట
నల్లటి తెర ముందు కూర్చున్నాను.
ఇదీ నల్లబల్లే,
సుద్దముక్క మాత్రం దానంతటదే మిణుకుతోంది,
నువ్వు రాస్తావా, నన్ను రాయమంటావా అన్నట్టు.

రూట్ పేరుతో లోపలికి వెళ్ళొద్దన్నారు.
నిజమే, వేరు దగ్గర చెయ్యి జారితే
చెట్టంతా చేతిలోకొస్తుంది.
మామూలు మనిషిగా నాకో పేరు పెట్టుకున్నాను, హిల్కా.
తాళంచెవులు రెండు చేయించాను.
ఒక చెవి నా దగ్గర, ఒక చెవి తలుపుకి.
నేను గొణిగింది తలుపుకి వినపడితేనే తెరుచుకుంటుంది.
అంతా అయ్యాక నవ్వొచ్చింది:
తాళం వేశాను, గొళ్ళెం మరిచాను.
లేచి వెళ్ళి ఫైర్‌వాల్ బిగించాను.

ఒక్క సెమికోలన్ తప్పిపోయినందుకు
సర్వర్ రెండు గంటలు అలిగి కూర్చుంది.
నేనూ అలిగాను.
కాఫీ చల్లారాక ఇద్దరం రాజీపడ్డాం.

డొమైన్ పేరు లోకమంతా పాకడానికి
ఒక రోజు పట్టొచ్చన్నారు.
మా దీవిలో పుట్టిన బిడ్డ పేరు
సౌనాలో రాళ్ళు చల్లారేలోపే ఇల్లిల్లూ తిరిగేది.

ఆ రాత్రి లాగ్ తెరిచి చూస్తే
గుమ్మం ముందు సంత.
అడ్మిన్‌ని అంటాడొకడు, టెస్ట్‌ని అంటాడొకడు,
నిమిషానికి ఇరవై సార్లు తలుపు తడుతున్నారు.
ఒక్క తట్టులోనూ ఊపిరి లేదు.
చలిలో నిలబడ్డవాడు అలా తట్టడు.

పొద్దున అయిదూ నలభై రెండుకి మాత్రం
ఎవరో పేజీ తెరిచారు,
ఆగారు,
మళ్ళీ తెరిచారు.
ఇల్పో.
ఆ ఒడ్డున అంత పొద్దున్నే లేచేదీ
ఒకసారి చెబితే నమ్మనిదీ అతనొక్కడే.
మర్నాడూ అదే వేళకి. ఆ మర్నాడూ.
నేను కొలబద్దని కాస్త తొందరగా దించడం మొదలుపెట్టాను.

జనవరిలో ఒకనాడు పేజీ రాలేదు.
తలుపు తట్టినవాళ్ళ లెక్కలు రాసీ రాసీ
డిస్కు నిండిపోయింది.
ఊరూపేరూ లేనివాళ్ళు చోటంతా తినేశారు,
రావాల్సినవాడు బయట నిలబడ్డాడు.

ఫోను మోగింది.
‘హిల్కా, మంచు పోయిందా?’
‘మంచుకేం, ముప్పై రెండు సెంటీమీటర్లు ఉంది. పోయింది పేజీ.’
అటునుంచి చాలాసేపు
సరస్సు మాత్రమే వినపడింది.
‘పోయింది నువ్వేమో అనుకున్నాను’ అన్నాడు.

లాగులు తుడవడానికి ఒక్క కమాండు చాలు.
అది గుర్తు రావడానికి మధ్యాహ్నమైంది.

తుడిచాను. వారానికోసారి వాటంతటవే తుడుచుకుపోయేలా కట్టాను.
పేజీ అడుగున ఒక వరుస చేర్చాను:
కొలిచింది హిల్కా. ఈ పొద్దున. అయిదూ ఇరవైకి.
మంచు మీద నడిచేవాడికి
ఆ వరుసతో పనిలేదు.

ఏప్రిల్లో నీళ్ళు తేలాయి.
పడవలు దింపారు.
సున్నా, అని రాశాను.
అయిదూ నలభై రెండుకి
వచ్చి చూసి వెళ్ళాడు.